కడగని చెయ్యి

మా అమ్మ చెయ్యి మంచిదని ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా రైల్వే క్వార్టర్ల లైను లైనంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె కడుపున పుట్టి, ఆ చేతి ముద్దలు తిని పెరిగి ఇంత మాట అంటున్నానంటే నాకెంత మండి ఉండాలో మీరే ఆలోచించండి.

హస్తవాసి అంటారు కదా, అది అప్పలనర్సమ్మకు పుట్టుకతో వచ్చిందని పేరు. పిల్లలకు దగ్గు పట్టినా, పెద్దలకు నడుం పట్టినా ముందు మా గుమ్మంలోకే వస్తారు. అన్నిటికంటే గొప్ప పేరు కళ్ళకు. కళ్ళకలక వచ్చినవాళ్ళను వెనక వాకిట్లో ఎండలో పీట మీద కూర్చోబెడుతుంది. బొటనవేలితో రెప్ప పైకెత్తి, ఎవరో ఒక బాలింత చనుబాలు ఉగ్గుగిన్నెలో తెప్పించి రెండు చుక్కలు వేస్తుంది. పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డతో తుడిచి పంపేస్తుంది. గుడ్డ ఒకటే, లైనంతటికీ ఒకటే. తీగ మీద ఆరేస్తుంది, ఇంకొకరు వస్తే తీస్తుంది.

దీనికి ఆమె ఏమీ పుచ్చుకోదు. ఆకూ వక్కా ఇచ్చినా ముట్టదు. పుచ్చుకుంటే చెయ్యి చెడుతుందట. ఇంకో నియమం కూడా ఉంది. వైద్యం చేసిన చెయ్యి పొద్దు గూకేదాకా కడగకూడదు. కడిగితే ఆ నీళ్ళతోపాటు వాసి కూడా పోతుంది, పోయిందంటే మళ్ళీ రాదు. సోంపేట దగ్గర వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట అది. మరి అన్నం ఎలా తింటావే అంటే, వైద్యం చేసిన రోజు మధ్యాహ్నం అన్నం మానేసి టీ తాగి ఊరుకుంటుంది. ఆ పస్తు చూసి జనానికి ఇంకా భక్తి. నాకు మాత్రం ఒళ్ళు మంట.

డెబ్బయ్యొకటి శ్రావణంలో ఖరగ్‌పూర్ మీద కళ్ళకలక విరుచుకు పడింది. సరిహద్దు అవతల పోరు జరుగుతోంది, అక్కడి జనం కట్టుబట్టలతో ఇవతలికి వచ్చేస్తున్నారు. కలక కూడా ఆ రోజుల్లోనే రావడంతో బెంగాలీలు దానికి జై బంగ్లా అని పేరు పెట్టేశారు. తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళ నెత్తిన ఆ నింద కూడా పడింది. ఎవరు తెచ్చారో నాకు తెలియదు గానీ, మా లైన్లో ఇంటింటికీ మోసినవాళ్ళెవరో నాకు బాగా తెలుసు.

చూపు తగిలితే కలక అంటుకుంటుందని అందరి నమ్మకం. అందుకని ఊరంతా నల్లద్దాలు పెట్టుకుంది. గోల్‌బజార్‌లో చేపల దాదా కూడా పెట్టుకున్నాడు. తన కళ్ళు దాచుకుని, చేప తాజాదో కాదో దాని కళ్ళు చూసి తెలుసుకోమని మాతో అంటాడు. వీధిలో ఎవరైనా ఎర్రకళ్ళతో ఎదురొస్తే జనం పామును చూసినట్టు తల తిప్పుకుంటారు. ఆ తల తిప్పుకున్న మనిషే ఇంటికెళ్ళి, కలక వచ్చిన తమ్ముడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు. దీన్నేమనాలి?

ఊరి సంగతి ఊరిది. నా సంగతి వేరు. నేను లోకోషెడ్‌లో ఫస్ట్ ఫైర్‌మన్‌ని. ఎనిమిదేళ్ళుగా పార పట్టి ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేస్తున్నాను. ఆ ఏడాది షంటర్ పోస్టులకు పేర్లు పడ్డాయి. యార్డులో ఇంజన్ను సొంతంగా నడిపేవాణ్ణి షంటర్ అంటారు. డ్రైవర్ కావడానికి అది మొదటి మెట్టు. నోటి పరీక్ష నెగ్గాను. మిగిలింది కంటి పరీక్ష, వచ్చే శుక్రవారం. పన్నెండు మందిలో నాది ఏడో పేరు. నా వెనకే ఎనిమిదో పేరు ఆమోసుది. వాడు వెనక లైన్లో ఉంటాడు, నాతోపాటే షెడ్‌లో చేరాడు. ఈసారి తప్పితే మళ్ళీ బ్యాచి ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎక్కినవాళ్ళు సర్వీసున్నంత కాలం ముందుంటారు, తప్పినవాడు వాళ్ళ వెనకే నడవాలి.

కంటి పరీక్ష అంటే మా ఇంట్లో ఊరికే భయపడరు. మా నాన్న గణపతిరావు కూడా ఫైర్‌మనే. నేను చిన్నవాణ్ణిగా ఉన్నప్పుడు ఆయన కంట్లో నిప్పురవ్వ పడి, పుండై, చివరికి పువ్వు వేసింది. కంటి పరీక్షలో పోయాడు. ఇంజన్ దింపేసి లాంప్‌రూములో వేశారు. సిగ్నల్ దీపాలకు కిరసనాయిలు పోసి, గాజులు తుడిచి, పదకొండేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాడు. మరుసటి ఏడే పోయాడు. ఇంట్లో కూర్చుని ఉండగా యార్డులో ఇంజన్ కూత వినబడితే ఆయన తల తిప్పుకునేవాడు. ఆ తల తిప్పుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

అందుకని కలక మా లైన్లోకి వచ్చిందని తెలిసిన రోజే నేను ఇంట్లో చట్టం పెట్టాను. నా తువ్వాలు వేరు, సబ్బు వేరు, గ్లాసు వేరు, తలగడ వేరు. వంటింటి గోడకు ఒక చెక్క కొట్టి అన్నీ దాని మీద పెట్టాను. నా భార్య చిట్టెమ్మ రోజూ నా తువ్వాలు మరిగే నీళ్ళలో వేసి ఉతికేది. అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. సొంత ఇంట్లో పరాయివాడిలా ఈ వేరు కాపురం ఏమిటని ఇరుగుపొరుగుతో చెప్పుకుంది. తన పద్ధతిలో తానూ నన్ను కాపాడుతూనే ఉందిలెండి. నేను డ్యూటీకి బయల్దేరితే ముందు తాను వీధిలోకి వెళ్ళి అటూ ఇటూ చూసేది. ఎర్రకళ్ళవాళ్ళెవరైనా కనబడితే నా టోపీ ముక్కుదాకా లాగేది. టోపీ లాగిన ఆ చేతి బొటనవేలు అంతకుముందే ఎవరి రెప్ప ఎత్తిందో దేవుడికే తెలియాలి.

నా మాట చెవిన పెట్టడం లేదని ఆలిస్‌ను పిలుచుకొచ్చాను. ఆలిస్ రైల్వే డిస్పెన్సరీలో నర్సు. మా లైన్లోనే పెరిగింది, అమ్మను పెద్దమ్మా అంటుంది. పీట మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. కలక చూపుతో రాదు, చేత్తో వస్తుంది, గుడ్డతో వస్తుంది, తలగడతో వస్తుంది. పాలొద్దు, పసుపొద్దు, కాటుకొద్దు. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడవాలి, ఆ దూది పారెయ్యాలి, రెండో కంటికి కొత్త దూది తియ్యాలి. ముందోసారి, తర్వాతోసారి సబ్బుతో చెయ్యి కడగాలి. కంటి లోపల నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా క్షణం ఆగకుండా డాక్టరు దగ్గరకు రావాలి. అమ్మ అంతా విన్నది. విని, చిన్నప్పుడు నీ కళ్ళకు పాలు పోసింది ఎవరే అని అడిగింది. ఆలిస్ నవ్వేసింది.

ఆమెను వీధి చివరిదాకా సాగనంపుతూ, ఇంతమందికి మా అమ్మ దగ్గర ఎలా తగ్గుతోందని అడిగాను. ఆలిస్ చుట్టూ చూసి చిన్నగా చెప్పింది.

"పెద్దమ్మ దగ్గరకొచ్చినోలికి వారానికి తగ్గుతాది. రానోలికి కూడా వారానికే తగ్గుతాది. దాని పాటికది పోయే రోగం ఇది."

ఆ మాట నాకు అమృతంలా తగిలింది. ఇంతకాలం నాకు తెలియక వెతుక్కుంటున్న మాట అదే. సమయం చూసి అమ్మ మొహాన కొట్టాలని జేబులో పెట్టుకున్నాను.

అమ్మ నాకు ఎదురు చెప్పడం మానేసింది. నేను లొంగిపోయిందనుకున్నాను. ఎక్కడ! నేను డ్యూటీకి వెళ్ళగానే వెనక తలుపులోంచి తానే ఇంటింటికీ వెళ్ళడం మొదలుపెట్టింది. అంతకుముందు రోగాలు మా ఇంటికి వచ్చేవి, ఇప్పుడు మా అమ్మే రోగాల దగ్గరకు నడిచి వెళుతోంది. ఎదురింటి దాలమ్మ ఇంట్లో ముగ్గురికి, ఆ పక్కన ఇద్దరికి, చివరింట్లో అందరికీ. చిట్టెమ్మ ఒకటి రెండుసార్లు నాతో చెప్పబోయి ఊరుకుంది. అత్తకూ మొగుడికీ మధ్య తలదూరిస్తే తన తలే బొప్పి కడుతుందని దానికి తెలుసు.

ఇలా ఉండగా మంగళవారం వచ్చింది. పరీక్షకు ఇంక మూడు రోజులే ఉన్నాయి. ఆ రోజు గూడ్సు మీద బాలాసోరు వెళ్ళి వస్తున్నాం. హిజ్లీ దాటాక పొయ్యి తలుపు తీసి పార విసురుతుంటే ఎదురుగాలికి బొగ్గు నలుసు ఒకటి ఎగిరొచ్చి ఎడం కంట్లో పడింది. పడ్డవాడికే తెలుస్తుంది ఆ బాధ. కన్ను మూస్తే గుచ్చుకుంటుంది, తెరిస్తే కోస్తుంది. షెడ్‌లో నీళ్ళు కొట్టుకున్నాను, పోలేదు. ఒంటి కన్నుతో సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. దారిలోనే డిస్పెన్సరీ ఉంది. లోపల ఆలిస్ కూడా ఉండే ఉంటుంది. దాని ముందు నుంచే వచ్చాను. నాకు ఆ ఆలోచనే రాలేదు.

గుమ్మంలో సైకిలు పడేసి, "అమ్మా, కంట్లో నలుసు పడిందే, తియ్యే" అని అరిచాను.

పొరపాటు ఎవరిదని మీరు నన్ను అడగొద్దు. అరిచింది నేనే. పీట లాక్కుని ఎండలో కూర్చుంది నేనే. మొహం ఎత్తి పెట్టింది నేనే. ఐదేళ్ళ వయసు నుంచి కంట్లో ఏది పడ్డా అమ్మ దగ్గరకు పరుగెత్తడం అలవాటు. ఆ అలవాటు ముందు నేను పెట్టిన చట్టం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు. అమ్మ బొటనవేలితో రెప్ప తిరగేసి, చీర చెంగు కొన నాలుకతో తడిపి, ఒక్క ఊపులో నలుసు తీసి నా అరచేతిలో పెట్టింది. ప్రాణం లేచొచ్చింది. నీ చెయ్యి చల్లగుండ అన్నాను కూడా. ఆ పూట నా వేరు తలగడ మీద పడి హాయిగా నిద్రపోయాను.

గురువారం పొద్దున లేచేసరికి ఎడంకన్ను తెరుచుకోలేదు. రెప్పలు పుసులతో అతుక్కుపోయాయి. చిట్టెమ్మ గోరువెచ్చని నీళ్ళతో తడిపితే నెమ్మదిగా విడింది. అద్దంలో చూసుకుంటే కన్ను పచ్చిమాంసంలా ఉంది. కుడికన్ను మాత్రం తెల్లగా, నాకేమీ తెలియదన్నట్టు చూస్తోంది. మర్నాడే పరీక్ష.

ఇంక నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. గోడకు కొట్టిన చెక్క పీకి అవతల పారేశాను. నా ఉద్యోగం మింగిందన్నాను. లైను లైనంతటికీ ఊడిగం చేసి కన్నకొడుకు కన్ను తీసిందన్నాను. అనకూడని మాటలు ఇంకా కొన్ని అన్నాను, ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. అమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. గ్లాసు కింద పెట్టి, దగ్గరకొచ్చి, ముట్టుకోకుండా నా ఎడంకన్ను చూసింది, కుడికన్ను చూసింది. మళ్ళీ ఎడంకన్ను చూసింది. వెళ్ళి వాకిట్లో పీట మీద కూర్చుంది. రోగులు కూర్చునే ఆ పీట మీద అమ్మ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

నా అరుపులు అయిపోయాక అక్కడి నుంచే చెప్పింది.

"సూపుతో అంటుకుంటే రెండు కళ్ళకీ రావాల గదరా. నీకు ఎడంకన్నుకే ఒచ్చింది. మంగళారం నాను ముట్టింది ఆ కన్నే."

నేను మళ్ళీ అద్దం తీసి చూసుకున్నాను.

"ఆ పొద్దు దాలమ్మ మనవరాలి కళ్ళు ఇప్పినాను. తరవాత నీది. రెంటి మజ్జినా సెయ్యి కడగలేదు."

ఆలిస్ గంటసేపు చెప్పినా ఎక్కనిది, నేను నెల రోజులు మొత్తుకున్నా ఎక్కనిది, నా రెండు కళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకుని తనకు తానే తేల్చుకుంది. అయినా నాకేం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. నా బుర్ర అప్పటికే వేరే దారిలో పోతోంది. కన్ను ఎర్రగా ఉంటే ఉంది, చూపు బాగానే ఉంది. పొద్దున్నే చన్నీళ్ళతో కడుక్కుని నల్లద్దాలు పెట్టుకుని వెళితే, గదిలో చీకట్లో ఎవరు చూడొచ్చారు? బోర్డు మీది అక్షరాలు ఎప్పుడో కంఠతా పట్టాను. రంగుల దీపాలు కుడికన్ను చూసుకుంటుంది.

అంతలో వెనక గేటు దగ్గర ఆమోసు గొంతు వినబడింది. నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. అమ్మ పీట మీద నుంచే, లోపలికి రావద్దు, అక్కడి నుంచే చెప్పమంది. కిందటిసారి పరీక్షకు వెళ్ళినవాళ్ళను వాడు కనుక్కుని వచ్చాడట. ఒక కన్ను మూసుకోవడానికి గరిటెలాంటి నల్లచెక్క ఇస్తారట, అందరికీ అదొక్కటేనట. చదవడం అయిపోగానే వెనకవాడి చేతికి ఇచ్చెయ్యాలట.

"నీ సేతిలోంచి నా సేతికే గదా ఒస్తాది. బేగి సదివేసి ఇచ్చీరా మావా," అని లోపలున్న నాకు వినబడేలా కేకేసి నవ్వుతూ, పొద్దున్న ఎనిమిదింటికి సైకిలు మీద వచ్చి ఎక్కించుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక నేను అమ్మ వైపు చూడలేదు. అమ్మా నా వైపు చూడలేదు. ఆ నల్లచెక్క ఒకటి మా ఇద్దరి మధ్యా పడి ఉన్నట్టే అనిపించింది.

తర్వాత ఆమె లేచి, నేను పారేసిన సామానులోంచి నా ఎర్రసబ్బు ఏరుకుని కుళాయి దగ్గరకు నడిచింది. అది లైనంతటికీ ఉన్న కుళాయి. పొద్దున పూట కావడంతో ఆడవాళ్ళు బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. ఆమెకు దారి ఇచ్చారు. అమ్మ కూర్చుని రెండు చేతులకూ సబ్బు రాసింది. వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, మణికట్లు, మళ్ళీ మళ్ళీ రాసి తోమింది. ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి చూశారు. పొద్దు గూకకుండానే కడిగేస్తున్నావేమిటి అప్పలనర్సమ్మా, ఇంక ఉంటుందా ఆ వాసి అని దాలమ్మ అడిగింది. అమ్మ లేచింది. తడిచేతులతో వచ్చి తీగ మీది పసుపుగుడ్డ లాగి పొయ్యిలో వేసింది.

"లెగు. ఆసుపత్రికెల్దాం," అంది నాతో.

నేను కదల్లేదు. అక్కడికి వెళితే సిక్ లిస్టులో రాస్తారు, సిక్‌లో రాస్తే బ్యాచి పోతుంది, చచ్చినా రానన్నాను. చేసిన ఘనకార్యం చాలదా అని కూడా అన్నాను.

"మీ నాయినా ఇదే మాటన్నాడు. సిక్కులో పడితే పేరు పోద్దన్నాడు. ఎవులికీ సెప్పకండా దాసినాను. పది దినాలు నానే పాలు పోసినాను, నానే రెప్ప ఎత్తినాను." కడిగిన చేతులు నా ముందు చాచింది. "ఆ సేతులియ్యేరా."

నాన్న కన్ను ఆయన మొండితనం వల్ల పోయిందనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళాడని మాత్రమే విన్నాను. ఆ పది రోజుల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు. లేచి చొక్కా వేసుకున్నాను.

డిస్పెన్సరీ వరండా నిండా నల్లద్దాలే. మా వంతు వచ్చేసరికి అమ్మ నన్ను పక్కకు నెట్టి తానే డాక్టరుబాబు ఎదుట నిలబడింది. బెంగాలీ, హిందీ, తెలుగు కలిపి కొట్టి ఆయనకు ఒకటే మాట చెప్పింది. కన్ను మంచి కన్నే, తప్పు నా చేతిది, కాగితం మీద అదే రాయండి. రెండు చేతులూ ఆయన బల్ల మీద పెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బెంగాలీ ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సిక్ మెమోలో రోగం పేరు రాయడానికే చోటుంది అమ్మా, ఎవరి చేతి వల్ల వచ్చిందో రాయడానికి చోటు లేదు అన్నాడు. నా రెప్పలు తిప్పి చూసి, నల్లగుడ్డు బాగుందని, చూపుకేం ప్రమాదం లేదని, ముందే వచ్చి మంచి పని చేశానని చెప్పాడు. కంటికి రాసుకునే మందిచ్చాడు. పరీక్షలో పోయినట్టు కాదు, తర్వాతి బ్యాచితో పంపుతారన్నాడు. ఆ బ్యాచి ఎప్పుడని అడిగితే, అది తన చేతిలో లేదన్నాడు.

శుక్రవారం ఎనిమిదింటికి ఆమోసు వచ్చాడు. నేను గుమ్మంలోంచే కన్ను చూపించాను. వాడు సైకిలు తిప్పుకుని ఒంటరిగా వెళ్ళాడు. మధ్యాహ్నం వచ్చి నెగ్గానని చెప్పాడు. సంతోషం అన్నాను. లోపల మాత్రం కుళ్ళుకున్నాను. వాడికి నేను చేసిన మేలు వాడికి తెలియదు, చెప్పుకోవడానికి నాకు మొహమూ లేదు. అయినా మేలు చేసింది నేనా, నన్ను లాక్కెళ్ళిన మా అమ్మా?

ఆ వారం రోజులూ అమ్మ ఆలిస్ చెప్పిన పద్ధతిలోనే నా కన్ను చూసింది. నీళ్ళు కాచడం, చల్లార్చడం, దూది చిన్న చిన్న ఉండలు చేసి మూత గిన్నెలో పెట్టడం. తుడవబోయే ముందు సబ్బు, తుడిచాక సబ్బు. చర్మం తెల్లగా ఉబ్బి ముడతలు పడేదాకా కడిగేది. ఇంక ఎవరింటికీ వెళ్ళలేదు. ఎవరైనా పిల్లల్ని ఎత్తుకుని గుమ్మంలోకి వస్తే, నా చెయ్యి కడిగేశాను, ఇంక పని చెయ్యదు, ఆలిస్ దగ్గరకు వెళ్ళండని పంపేసేది. మధ్యాహ్నాలు వేళకు అన్నం తినేది. తిని, పీట మీద కూర్చుని చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకునేది. చిట్టెమ్మ అది చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను మాత్రం ఎటు వెళ్ళను? ఆమె మీద కోపం ఉంది, కోపం నిలబెట్టుకోవడానికి ఓపిక లేదు.

ఏడో రోజుకు కన్ను తేరుకుంది. పొద్దున్నే అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, దూరం నుంచే కిందికీ పైకీ చూడమంది. ఎరుపు లేదు, పుసి లేదు, దురద లేదు. అమ్మ మొహం నెమ్మదిగా విప్పారింది. వారం రోజులుగా ఆ మొహంలో నవ్వు లేదు.

"సూసినావా? సబ్బెట్టి కడిగినా పోలేదురా నా సెయ్యి," అంది. "మా అమ్మమ్మకి తెలవక సెప్పింది."

చూడండి నా కర్మ. నా బ్యాచి పోయింది. నా సీనియారిటీ పోయింది. ఆమోసు నా కంటే ముందు ఇంజన్ ఎక్కేస్తున్నాడు. ఇంత జరిగాక కూడా ఈవిడకు మిగిలిన పాఠం ఇదా? ఆలిస్ చెప్పిన మాట జేబులో ఉండనే ఉంది. నీ దగ్గరకొచ్చినవాళ్ళకూ వారమే, రానివాళ్ళకూ వారమే, నీ చేతిలో ఏమీ లేదే, ఎప్పుడూ లేదే అనడానికి నోరు తెరిచాను.

ఆమె చేతులు నా ముందే ఉన్నాయి. సబ్బుకు పగిలి గరుకెక్కి ఉన్నాయి. ఆ చేతుల్లో ఎప్పుడూ ఏమీ లేదని నేను అంటే, లైన్లో ఇన్నేళ్ళూ తగ్గిన కళ్ళన్నీ వాటంతటవే తగ్గినట్టు. ఆమెకు చివరికి మిగిలేది ఒక్క కన్నే. మా నాన్న కన్ను.

తెరిచిన నోరు మూసుకున్నాను.

"లేదే, పోలేదు," అన్నాను.

ఆ సాయంత్రమే అమ్మ సబ్బుపెట్టె ఒక చేత్తో, దూది గిన్నె ఒక చేత్తో పట్టుకుని దాలమ్మ ఇంటికి బయల్దేరింది. కడిగితే చెయ్యికి ఇంకా బలం వస్తుందని అక్కడ చెప్పింది. రెండు రోజుల్లో లైను లైనంతా సబ్బుతో చేతులు కడగడం మొదలుపెట్టింది. కంటికి కనబడని రోగపు పురుగుల మాట ఎవరూ ఎత్తలేదు. అప్పలనర్సమ్మ చెయ్యి అలా చెప్పింది, అంతే. కలక మా లైన్లో ఆగింది. ఆలిస్ వచ్చి, పెద్దమ్మకు ఏం చెప్పి మార్చావని నన్ను అడిగింది. ఏమీ చెప్పలేదన్నాను. నా జన్మలో అమ్మకు ఏమీ చెప్పకుండా ఊరుకున్నది అదొక్కసారే.

మళ్ళీ సోమవారం ఫిట్ సర్టిఫికెట్ తీసుకుని డ్యూటీకి తయారవుతున్నాను, అదే పార పట్టడానికి. ఆమోసు షంటరుగా మొదటిసారి ఇంజన్ ఎక్కింది ఆ రోజే. అమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి నా టోపీ సర్దుతోంది. యార్డు వైపు నుంచి కూత వినబడింది. నేను తల తిప్పుకోబోయి, అమ్మ నన్నే చూస్తోందని గమనించి అలాగే నిలబడ్డాను.